పనికిరాదని వెనక్కి పంపిన ఉమ్మి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో చిగుళ్ల జబ్బు మీద వచ్చిన వ్యాసం చదివాను. ఉమ్మి చుక్కతో ఐదు నిమిషాల్లో జబ్బు తెలిసిపోతుందనీ, ఇక పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చునే బాధ తప్పినట్టేననీ అందులో ఉంది. మొదటి సగం చాలావరకు నిజం. రెండో సగం నమ్మి ఎవరైనా డాక్టరు దగ్గరకు వెళ్లడం మానేస్తే ఏమవుతుందో నా నోరే సాక్ష్యం. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

నేను ప్రభుత్వ ఆస్పత్రుల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం టీబీ మైక్రోస్కోపు ముందే గడిచింది. టీబీ పరీక్షకు కావాల్సింది కళ్లె. గట్టిగా ఊపిరి పీల్చి, లోపలినుంచి దగ్గి తీయాలి. ఎంత చెప్పినా సగం మంది డబ్బాలో తెల్లటి నురగ ఉమ్మి తెచ్చేవారు. "ఇది ఉమ్మి, కళ్లె కాదు, పనికిరాదు. మళ్లీ తీసుకురా నాయనా" అనేదాన్ని. "ఉమ్మమన్నారు కదమ్మా, ఉమ్మేను" అని వాళ్లు. రోజుకి పదిసార్లయినా ఈ మాటలే. అంటే నా ఉద్యోగంలో నేను వెనక్కి పంపినంత ఉమ్మి ఈ జిల్లాలో ఇంకెవరూ పంపి ఉండరు. ఇప్పుడు ఆ ఉమ్మిలోనే రోగం కనిపెడుతున్నారంటే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది.

ఇంతకీ ఆ చుక్కలో వెతికేది ఏమిటి? మీ వ్యాసంలో 'ఒక రకమైన ప్రోటీన్' అని రాసి వదిలేశారు. అసలు సంగతి అక్కడే ఉంది. రక్తపు స్లైడు మీద తెల్లకణాలు వంద లెక్కపెడితే అరవై దాకా న్యూట్రోఫిల్స్ ఉంటాయి. ల్యాబ్‌లో మేం పాలీమార్ఫ్స్ అంటాం. ఒంట్లో ఎక్కడ సూక్ష్మజీవులు చేరినా ముందు పరుగెత్తేవి ఇవే. పంటి మొదట్లో పాచి పేరుకుంటే అక్కడికీ గుంపులుగా వస్తాయి. వాటి సంచుల్లో ఎంఎంపీ-8 అనే ఎంజైమ్ ఉంటుంది. కొల్లాజెన్‌ని తెంపడం దాని పని. పన్నుని ఎముకకు పట్టి ఉంచే నారలు కొల్లాజెన్‌వే. కాబట్టి పాచి మీదకి యుద్ధానికి వచ్చిన సైన్యం పంటి కట్టునే కోసేస్తుంది. తర్వాత ఎముక కిందికి దిగుతుంది, పన్ను కదులుతుంది. ఈ ఎంజైమ్ నిద్రపోతున్న రూపంలోనూ ఉంటుంది, పనిలోకి దిగిన రూపంలోనూ ఉంటుంది. పనిలోకి దిగినదాన్నే పట్టుకోవాలని ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయపు టిమో సోర్సా, ఆయన తోటివారు ఏళ్ల తరబడి పనిచేశారు. దాని ఆధారంగా వచ్చిన స్ట్రిప్పు జర్మనీలో తయారవుతుంది, పేరు పెరియోసేఫ్. నీళ్లు పుక్కిలించి, ఆ నీళ్లలోంచి కొన్ని చుక్కలు స్ట్రిప్పు మీద వేస్తే చాలు. మిల్లీలీటరుకి 20 నానోగ్రాములు దాటితే రెండో గీత కనిపిస్తుంది. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. గర్భం కార్డు, మలేరియా కార్డు ఎలా పనిచేస్తాయో ఇదీ అలాగే పనిచేస్తుంది. ఏజెన్సీలో ఆశా కార్యకర్తలు చేత్తో వాడుతున్న రకమే, కొత్త మంత్రమేమీ కాదు.

ఇదొక్కటే కాదు. వాపు మొదలైతే పెరిగే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఎముక కరిగితే బయటపడే ఐసీటీపీ అనే ముక్క, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే సూక్ష్మజీవి, వీటన్నిటినీ ఉమ్మిలో కొలిచి కలిపి చూసేవాళ్లున్నారు. జపాన్‌లో ఉమ్మిలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టి మూకుమ్మడిగా పరీక్షించే పద్ధతి ఉంది. ఈ రక్తం సంగతి మళ్లీ చెబుతాను, మా జిల్లాకి అది చాలా ముఖ్యం.

ఇక నా కథ. నాకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. మూడు నెలలకోసారి రక్తం నేనే తీసుకుని నేనే పరీక్షించుకునేదాన్ని. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె, ఎప్పుడూ ఎనిమిది దాటే ఉండేది. షుగర్ డాక్టర్లు కళ్లు అడిగారు, కిడ్నీలు అడిగారు, చెప్పులు విప్పించి పాదాలు చూశారు. ఈ పదకొండేళ్లలో ఒక్కరూ "నోరు తెరవమ్మా" అనలేదు. వాళ్లని అనడం దేనికి, నేను మాత్రం అడిగానా? ఉదయం పళ్లు తోముకుంటే వాష్‌బేసిన్‌లో గులాబీ రంగు నురగ కనిపించేది. బ్రష్షు గట్టిదేమో అనుకుని మెత్తది కొన్నాను. మా ఊరి పక్క టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి రెండుసార్లు వెళ్లాను. ఎనిమిది వందలు తీసుకుని గార తీశారు, ఎర్రటి మౌత్‌వాష్ సీసా ఇచ్చారు, "పళ్లు శుభ్రంగా ఉన్నాయమ్మా" అని పంపించేశారు. రెండుసార్లూ పంటికీ చిగురుకీ మధ్య పుల్ల పెట్టి కొలిచినవాళ్లు లేరు. అలా కొలుస్తారన్న సంగతి ల్యాబ్‌లో అన్నేళ్లున్న నాకే తెలియదు.

యాభై ఎనిమిదో ఏట కింది ముందు పళ్ల మధ్య సందులు వచ్చాయి. మా అమ్మాయి పట్టుబట్టి విశాఖలో ఒక దంత వైద్య కళాశాలకు తీసుకెళ్లింది. అక్కడ పీజీ చదువుతున్న అమ్మాయి సన్నటి ఇనప పుల్లతో మొదలుపెట్టింది. పుల్ల మీద మిల్లీమీటర్ల గీతలు. ఒక్కో పంటికి ఆరు చోట్ల దించి అంకె పైకి చెబుతుంటే పక్కన హౌస్‌సర్జన్ కుర్రాడు కాగితం మీద రాసుకుంటున్నాడు. "మూడు, రెండు, మూడు. మూడు, మూడు, నాలుగు." నాకున్న పళ్లు ఇరవై ఆరు, అంటే నూట యాభై ఆరు అంకెలు. మూడు దాకా పర్లేదు, నాలుగు మొదలుకొని 'జేబు' కింద లెక్క, అంటే చిగురు పంటిని వదిలేసిన లోతైన సందు. కింది ముందు పళ్ల దగ్గరకొచ్చేసరికి ఆమె గొంతు మారింది. "ఐదు, ఆరు, ఐదు." పై దవడ చివర "ఏడు" అంది. కుర్రాడు తలెత్తి చూశాడు. నా ఉద్యోగంలో ఎంతోమందికి పాజిటివ్ రిపోర్టు రాసి ఇచ్చాను, రాసేటప్పుడు నేనూ ఇలాగే తలెత్తి చూసి ఉంటాను. అటువైపు కూర్చున్నవాళ్లకి ఆ చూపు ఎలా ఉంటుందో ఆరోజు తెలిసింది.

"షుగర్ ఉందా అమ్మా?" అని అడిగింది ఆ డాక్టరమ్మ. ఉందన్నాను. చిగుళ్ల జబ్బుని మధుమేహపు ఆరో ఉపద్రవం అని హరాల్డ్ లో అనే నార్వే శాస్త్రవేత్త 1993లోనే రాశాడని ఆమే చెప్పింది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకి సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఒక మాత్ర అదనంగా వేసుకున్నా కొందరికి అంత తగ్గదు. నాకు తగ్గింది చికిత్స వల్లో, భయంతో అన్నం తగ్గించడం వల్లో నేను చెప్పలేను. రెండు పళ్లు మాత్రం దక్కలేదు.

ఇంత చెప్పాక పుల్లే గొప్పది, స్ట్రిప్పు దండగ అంటానని అనుకుంటారేమో. అలా అనడం లేదు. పుల్ల చెప్పేది జరిగిపోయిన నష్టం. ఏడు మిల్లీమీటర్లు అంటే ఇన్నేళ్లలో కట్టు ఇంత తెగింది అని. ఈ నెలలో తెగుతోందా, ఆగి ఉందా అన్నది ఆ అంకె చెప్పదు. నోట్లో పాచి ఉందా లేదా చూసి కూడా చెప్పలేం. అదే హరాల్డ్ లో, ఆయన బృందం 1970 నుంచి శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కూలీల నోళ్లను పదిహేనేళ్లపాటు పరిశీలించారు. వాళ్లకి బ్రష్షు లేదు, పళ్ల డాక్టరు లేడు, అందరి పళ్ల నిండా పాచి, గార. 1986లో లెక్క తేల్చితే వందలో ఎనిమిది మందికి జబ్బు పరుగులు పెట్టింది, ఎనభై ఒక్కరికి మెల్లగా నడిచింది, పదకొండు మందికి చిగుళ్ల వాపు దగ్గరే ఆగిపోయింది. పాచి ఒకటే, ఫలితం వేరు. ఆ ఎనిమిది మంది ఎవరో ముందుగా తెలియాలంటే ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో చెప్పేది ఏదో కావాలి. ఉమ్మి పరీక్షకి అసలు విలువ అక్కడ ఉంది.

కానీ పుక్కిలించిన నీళ్లలో నోరంతా కలిసి ఉంటుంది. గీత వస్తే ఎక్కడో జబ్బు రగులుతోందని అర్థం, ఏ పంటి దగ్గరో దానికి తెలియదు. నా చివరి పన్ను దగ్గరి ఏడు మిల్లీమీటర్లని ఏ స్ట్రిప్పూ వేలు పెట్టి చూపించలేదు. నోట్లో పుండు ఉన్నా, ఇంకేదైనా వాపు ఉన్నా లెక్క మారవచ్చు. మిగిలిన పళ్లు నాలుగైతే వాటి చుట్టూ ఎంత చెడినా ఉమ్మిలోకి వచ్చేది తక్కువే. ఇంకోటి, ఇది ల్యాబ్‌వాళ్లకే తడుతుంది: ఉమ్మి పల్చన, చిక్కన. మనిషికి రోజుకి అరలీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుందంటారు. షుగర్ ఉన్నవాళ్లకి, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకి నోరు ఎండిపోతుంది. ఊరేదే తక్కువైతే అందులో కలిసింది ఎక్కువగా కనిపిస్తుంది. యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చూసేటప్పుడు, యూరిన్ పల్చనైనా చిక్కనైనా లెక్క తప్పకుండా క్రియాటినిన్‌తో సరిచూసుకుంటాం కదా, ఉమ్మికి అలాంటి సర్దుబాటు అంత తేలిక కాదు. పుక్కిలించే నీళ్లు ఎన్ని, ఎంతసేపు అన్నది కొలత ప్రకారం జరగాల్సింది అందుకే. మనవాళ్లకి ఉమ్మి సరిగ్గా ఉమ్మించడం ఎంత పనో నాకు తెలుసు.

ఇప్పుడు రక్తం సంగతి. మా అమ్మ అడ్డపొగ తాగేది. మా శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో తెలియనివాళ్లుండరు, మిగతా జిల్లాల పాఠకుల కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పొగ పీల్చడం. ఎక్కువగా ఆడవాళ్లే. "గాలికి ఆరిపోదే, చంటిదాని మీద నిప్పు పడదు" అనేది అమ్మ, నన్ను ఒళ్లో పెట్టుకుని. నోరు మూసి ఉంటే చుట్ట చివర ఒక్కటే బయటకు కనిపించేది, నిప్పు కనిపించేది కాదు. ఆవిడ అంగిలి మీద తెల్లటి మచ్చలు ఉండేవి. ఈ అలవాటుతో అంగిలి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతున్నారు, ఆ దాకా రాకపోవడం మా అదృష్టం. చిగుళ్ల మాటకొస్తే, అమ్మ జీవితంలో ఒక్కసారీ చిగురు నుంచి రక్తం రాలేదు. కచ్చికతో తోముకునేది, ఉమ్మితే నల్లగానే ఉండేది. "నా చిగుళ్లు రాయిలా ఉన్నాయి" అని గొప్పగా చెప్పుకునేది. యాభై రాకుండానే పళ్లు ఒక్కొక్కటీ వేళ్లతో పీకేసుకుంది, నొప్పి కూడా లేకుండా.

పొగాకు తాగేవాళ్ల చిగుళ్లలో రక్తం కారడం తక్కువ. జబ్బు లోపల నడుస్తూనే ఉంటుంది, గుర్తు మాత్రం దాక్కుంటుంది. అందుకని ఉమ్మిలో రక్తం వెతికే పరీక్షని మా ఊళ్లకి తెచ్చి పెడితే, మా అమ్మలాంటి వాళ్లంతా నెగటివ్ కాగితం పట్టుకుని ఇంటికి పోతారు. పొగ తాగేవాళ్ల ఉమ్మిలో ఎంఎంపీ-8 కూడా తక్కువగా కనిపించిందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. ఫిన్లాండ్‌లో సరిపోయిన 20 అనే గీత మా చుట్ట నోళ్లకి, ఖైనీ నోళ్లకి సరిపోతుందో లేదో ఇక్కడివాళ్ల నోళ్లలో పుల్ల పెట్టి, స్ట్రిప్పు పెట్టి, రెండూ పక్కపక్కన చూస్తేగానీ తెలియదు. ఎవరైనా దంత వైద్య కళాశాలవాళ్లు ఈ ఉత్తరం చదివితే, పీజీ థీసిస్‌కి ఇంతకంటే మంచి సబ్జెక్టు ఏముంటుంది? ఇచ్ఛాపురం నుంచి భీమిలి దాకా తీరం వెంట నడవండి, నోళ్లకి కొదవ లేదు.

స్ట్రిప్పుని ఎక్కడ పెట్టాలంటారా? ముప్ఫై దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్, క్యాన్సర్ల స్క్రీనింగ్ సబ్ సెంటర్ల స్థాయిలో నడుస్తోంది. అందులో నోటి క్యాన్సర్ కూడా ఉంది, టార్చి వేసి నోరు చూడాలి. అంటే బల్ల దగ్గరకి మనిషి వచ్చాడు, వేలు గుచ్చి షుగర్ చూశారు, నోరు కూడా తెరిపించారు. తెరిచిన ఆ నోట్లో చిగుళ్ల మాట ఎవరూ అడగడం లేదు. మా పీహెచ్‌సీలో పంటి కుర్చీ లేదు, పళ్ల డాక్టరు కావాలంటే బస్సెక్కాలి. కూలి పోగొట్టుకుని, నొప్పి లేని జబ్బు కోసం బస్సెక్కేవాళ్లు ఎవరు? అక్కడ, షుగర్ ఎక్కువ వచ్చినవాళ్ల చేత పుక్కిలింపిస్తే, గీత వచ్చినవాళ్లకైనా "మీరు తప్పకుండా వెళ్లండి" అని ఒక చీటీ చేతిలో పెట్టొచ్చు. గీత రానివాళ్లకి "మీకు జబ్బు లేదు" అని మాత్రం చెప్పకూడదు. కళ్లెలో క్రిములు కనిపించనంత మాత్రాన టీబీ లేదని మేం ఎప్పుడూ రాసివ్వలేదు. మైక్రోస్కోపు కింద వంద ఫీల్డులు చూశాం, కనిపించలేదు అని రాశాం. ఆ రెండింటికీ తేడా ఉంది.

ఇంకా చెప్పాలంటే, మొదటిసారి పట్టుకోవడం కంటే చికిత్స తర్వాత కనిపెట్టుకుని ఉండడానికే ఇది ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. మనిషికి మనిషికి ఉమ్మి తేడా, కానీ ఒకే మనిషిని మూడు నెలలకోసారి అదే పద్ధతిలో చూస్తే ఆ తేడాల గొడవ చాలామటుకు తగ్గుతుంది. వేళ్ల దాకా గార గీసి శుభ్రం చేశాక ఈ ఎంజైమ్ తగ్గాలి. తగ్గకపోతే, తగ్గి మళ్లీ పెరిగితే, జేబు లోతు ఇంకో మిల్లీమీటరు దిగేదాకా ఆగకుండా ముందే మనిషిని పిలవచ్చు. నేను మూడు నెలలకోసారి విశాఖ వెళ్లి నూట నలభై చిల్లర గుచ్చులు గుచ్చించుకుంటున్నాను. నాకు పెన్షన్ ఉంది, అమ్మాయి తోడు వస్తుంది. మా వీధిలో జీడిపప్పు ఒలిచే ఆవిడకి ఆ రెండూ లేవు. షుగర్ మాత్రం ఉంది.

ఒక హెచ్చరిక కూడా రాయకుండా ఉండలేను. ఈ స్ట్రిప్పులు చవకైనవి కావు. మీ వ్యాసం చూసి రేపు ప్రైవేటు ల్యాబ్‌లు 'ఫుల్ బాడీ ప్యాకేజీ'లో దీన్ని కూడా కలిపేస్తాయి. రిపోర్టు చేతికిస్తారు, చూసే డాక్టరు ఉండడు. పరీక్ష చేసి, తర్వాత దారి చూపించకపోతే అది పరీక్ష కాదు, టెన్షన్ కొనుక్కోవడం. అందుకే 'డాక్టరుతో పనిలేదు' అన్న మాటను మీరు సవరిస్తూ ఒక ముక్క వేస్తే బాగుంటుంది. నా ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే అదొక్కటైనా వేయండి.

చివరగా చిన్న విషయం. ఆ వ్యాసంతో పాటు మీరు వేసిన ఫోటోలో ఉన్నది ఉమ్మి పరీక్ష కిట్టు కాదు, టీబీ కళ్లె డబ్బా. నేను వేలల్లో చూశాను కాబట్టి గుర్తుపట్టాను. పైగా దానికి నంబరు మూత మీద రాశారు. మూతలు ఊడితే ఒకరివి ఇంకొకరికి మారిపోతాయి. నంబరు ఎప్పుడూ డబ్బా పక్కన రాయాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
శ్రీకాకుళం జిల్లా.